తిరుక్కడయూరులో షష్టిపూర్తి, తరంగంబాడిలో బస: పదిహేడు మందితో వెళ్తున్న మీకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ నాన్నగారి షష్టిపూర్తి వచ్చే మాఘ శుద్ధ త్రయోదశికి. తమిళనాడులోని తిరుక్కడయూరు గుళ్లో చేయిద్దామనుకుంటున్నారు. ఇంటివాళ్లు పదకొండు మంది, అందులో నలుగురు పిల్లలు. నాన్నగారి ఆఫీసు స్నేహితులు మూడు జంటలు. గుడి దగ్గర లాడ్జిలో కాకుండా తరంగంబాడిలో సముద్రం ఒడ్డున ఉన్న పాత బంగళా రిసార్టులో దిగితే ఎలా ఉంటుంది, పెద్దవాళ్లకు ఇబ్బందా, మూడు రోజుల్లో ఇంకా ఏ గుళ్లు చూడొచ్చు అని అడిగారు.

మా మామగారి షష్టిపూర్తికి, ఆ తర్వాత మా అమ్మానాన్నల భీమరథ శాంతికి (డెబ్బై ఏళ్లకు చేసేది), పోయినేడాది మా వదినగారి వాళ్లతో, మొత్తం మూడుసార్లు నేను ఇదే దారిలో వెళ్లాను. మూడుసార్లూ తరంగంబాడిలోనే దిగాం. కాబట్టి బుక్ చేసుకోండి అనే చెప్తాను. గుడికి ఎనిమిది కిలోమీటర్లే, పావుగంట ప్రయాణం. అయితే మీరు రాసిన ప్లాన్‌లో ఒక్కటి మార్చండి. మూడో రోజు పొద్దున్నే ఖాళీ చేసి వైదీశ్వరన్ కోయిల్, చిదంబరం చూసుకుంటూ వెనక్కి అని రాశారు. అది వద్దు. పూజ అయ్యాక ఒక రోజు మొత్తం ఏ పనీ పెట్టుకోకుండా ఆ ఇంట్లోనే ఉండండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు గదుల సంగతి. అది హోటల్ కాదు, ఒకప్పటి దొరల బంగళా. చుట్టూ పెద్ద వరండాలు, ఎత్తైన కప్పులు, ఎదురుగా సముద్రం. పట్టుమని పది గదులుండవు. ఒక్కో గది ఒక్కో సైజు, ఒక్కో తీరు. లిఫ్ట్ ఉండదు. పాతకాలపు మెట్లు, పాతకాలపు మంచాలు. మీ పదిహేడు మందీ ఒకే కప్పు కింద పట్టకపోవచ్చు. అదే వీధుల్లో బసకు ఇచ్చే పాత ఇళ్లు ఇంకా ఉన్నాయి, కొందరు అందులో సర్దుకోవాలి. అందుకని "ఎనిమిది గదులు కావాలి" అని ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ప్రతి గదికీ మూడు విషయాలు అడగండి. కిందా, పైనా? బాత్రూమ్‌లోకి దిగడానికి మెట్టు ఉందా? మంచం ఎత్తెంత? ఆ జవాబులు కాగితం మీద రాసుకుని, ఏ గది ఎవరికో ఇంటి దగ్గరే నిర్ణయించి వెళ్లండి.

ఇది నేను చేసిన తప్పు నుంచి చెప్తున్న మాట. మొదటిసారి వెళ్లినప్పుడు పండగ మామగారిది కదా, సముద్రం బాగా కనిపించే గది వాళ్లకే ఇవ్వాలని పై అంతస్తులో పెట్టాను. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఒకసారి పైకెక్కాక ఆవిడ మళ్లీ కిందికి దిగలేదు. మేమంతా కింద వరండాలో కబుర్లు చెప్పుకుంటుంటే ఆవిడ పైన ఒక్కరే కూర్చుని మా నవ్వులు విన్నారు. మర్నాడు పూజలో ఆవిడ ముఖం చూస్తే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. రెండోసారి అమ్మానాన్నలకు కింద వరండా గుమ్మం పక్కనే ఉన్న గది తీసుకున్నాను. పైనుంచి చూసేంత దృశ్యం లేదు కానీ, అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే అందరూ ఆవిడ చుట్టూ చేరారు. మీ నాన్నగారి స్నేహితుల్లో ఒకాయనకు బైపాస్ అయిందన్నారు కాబట్టి వాళ్లకూ కింద గదే. పై గదులు మీకు, పిల్లలకు. పిల్లలున్న గది బయట వరండా పిట్టగోడ ఎంత ఎత్తో కూడా చూసుకోండి.

డబ్బు మాట చాలామంది మొహమాటపడి దాటేస్తారు. స్నేహితుల ఖర్చు ఎవరిది? మీరు పిలిస్తే అది మీ పండగ. వాళ్లు "మా గది మేం కట్టుకుంటాం" అంటే అదీ సరే. ఏదైనా సరే, టికెట్లు బుక్ చేయకముందే మీ నాన్నగారి చేత ఫోన్ చేయించి తేల్చేయండి. ఇలాంటి బంగళాల్లో గది అద్దె మామూలు లాడ్జికి చాలా రెట్లు ఉంటుంది. రిటైరైన మనిషికి అది భారం కావచ్చు, కాదనలేక ఒప్పుకోవచ్చు. అక్కడికి వెళ్లాక బిల్లు దగ్గర ఆ ఇబ్బంది మొదలైతే ముప్పై ఏళ్ల స్నేహం కూడా నలుగుతుంది. మేము రెండోసారి గది అద్దె, పూజ మావి, రైలు టికెట్లు ఎవరివి వాళ్లవి అని ముందే చెప్పేశాం. ఎవరికీ టెన్షన్ లేదు.

ఇక పూజ. మీ నాన్నగారు పరాభవ నామ సంవత్సరంలో పుట్టారు. అది 1966 ఉగాదికి మొదలైన సంవత్సరం, అరవై ఏళ్ల చక్రం తిరిగి 2026 ఉగాదికి మళ్లీ వచ్చింది. అంతవరకు లెక్క సరిపోయింది. అయితే తేదీ దగ్గర చిక్కుంది. మనం చాంద్రమాన మాసం, తిథి చూస్తాం. తిరుక్కడయూరులో అర్చకులు తమిళుల సౌరమాసం, జన్మనక్షత్రం చూస్తారు. రెండు లెక్కల్లో రోజు వేరు కావచ్చు. ముందు మీ ఇంటి పురోహితుడితో మాట్లాడి రోజు ఖాయం చేసుకుని, తర్వాతే గుళ్లో అడగండి. మీరు రోజు చెప్తే వాళ్లు అభ్యంతరం పెట్టరు. రోజూ బోలెడు జంటలకు అక్కడ ఈ శాంతులు జరుగుతూనే ఉంటాయి.

మార్కండేయుడి కోసం శివుడు యముణ్ని కాలితో తన్నింది ఈ క్షేత్రంలోనే అని స్థలపురాణం. స్వామి అమృతఘటేశ్వరుడు, అమ్మవారు అభిరామి. శివుడి ఎనిమిది వీరస్థానాల్లో ఇదొకటి, గుడి ధర్మపురం ఆధీనం అనే శైవమఠం కింద ఉంది. ఆయుష్షు కోసం చేసే శాంతులకు అందుకే ఇంత పేరు. కాలసంహారమూర్తి విగ్రహం దగ్గర మీ నాన్నగారిని కాసేపు నిలబడనివ్వండి, జనం తోస్తున్నా సరే.

అక్కడ జరిగే తీరు మనకు కొంచెం కొత్త. ఒకే మండపంలో పక్కపక్కనే ఐదారు కుటుంబాలకు పూజలు సాగుతుంటాయి. ఎవరి హోమం పొగ ఎవరిదో తెలియదు. ప్రశాంతంగా ఉంటుందని ఊహించుకుని వెళితే మనసు చిన్నబుచ్చుకుంటారు. అదొక ఊరుమ్మడి పెళ్లిపందిరి అనుకుని వెళితే సంతోషంగా ఉంటుంది. పక్క కుటుంబంలో ఎనభై ఏళ్ల తాతగారికి శతాభిషేకం జరుగుతుంటే మా మామగారు వెళ్లి ఆయన కాళ్లకు దండం పెట్టారు. ఆయన మామగారి తల మీద చెయ్యి పెట్టి తమిళంలో ఏదో అన్నారు. అర్థం కాలేదు, కానీ మామగారు ఇప్పటికీ ఆ సంగతి చెప్తారు.

గోత్రం, నక్షత్రం, రాశి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాసి రెండు కాపీలు తీసుకెళ్లండి. సంకల్పంలో ఎవరూ తప్పిపోరు. కలశాల్లోని నీళ్లతో దంపతులకు అభిషేకం చేస్తారు. కలశాల సంఖ్యను బట్టి ఖర్చు మారుతుంది, ముందే మాట్లాడుకోండి. ఒకటీ రెండూ కాదు, బిందెలకొద్దీ నీళ్లు తల మీదుగా పోస్తారు. మాఘమాసం పొద్దున అది చలే. అభిషేకానికి ఒక జత, తర్వాత మాంగల్యధారణకు పట్టుబట్టలు ఒక జత, రెండు మందపాటి తువ్వాళ్లు, అమ్మగారు మార్చుకునేటప్పుడు తోడుండడానికి ఒక మనిషి, ఇవన్నీ ఒకే సంచిలో పెట్టి ఒకే మనిషికి అప్పగించండి. తలంబ్రాలు మనవాళ్ల ముచ్చట కాబట్టి బియ్యం, ముత్యాలు ఇంటినుంచే కలిపి తీసుకెళ్లండి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో గంటలు కూర్చోవాల్సి వస్తుంది, ఆ విషయం అర్చకుడికి ముందే చెప్తే మధ్యలో పాలు తాగనిస్తారు.

ప్రయాణం గురించి క్లుప్తంగా. దగ్గరి పెద్ద స్టేషన్ మయిలాడుదురై, తరంగంబాడికి ముప్పై కిలోమీటర్లు. చెన్నై ఎగ్మూరు నుంచి చోళన్ లాంటి రైళ్లు ఉన్నాయి, ఐదారు గంటలు. మన రైళ్లు ఎక్కువగా సెంట్రల్‌లో దింపుతాయి. సెంట్రల్, ఎగ్మూరు వేరువేరు స్టేషన్లు, పెద్దవాళ్లు, సామాన్లతో మారడానికి రెండు గంటలైనా చేతిలో పెట్టుకోండి. మయిలాడుదురైలో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే ఉన్నన్ని రోజులూ అదే సరిపోతుంది. ఒకసారి మాకు పక్క ఊరి ట్రావెల్స్ వాళ్లు పొద్దున నాలుగున్నరకు రావాల్సిన బండిని ఆరున్నరకు పంపారు. పూజ సమయం దాదాపు తప్పిపోయింది. అప్పటినుంచి డ్రైవర్ ముందురోజు రాత్రే మేమున్న ఊళ్లో పడుకునేలా మాట్లాడుకుంటున్నాను. ఆ ఒక్క రాత్రి బత్తా ఎంతైనా ఇచ్చేయండి.

కారైకాల్ పదిహేను కిలోమీటర్లే. శని దోషానికి దాని పక్కనే ఉన్న తిరునళ్లారు గుడికి వెళ్లాలని మీవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ ప్రాంతం తమిళనాడు కాదు, పుదుచ్చేరి కిందకు వస్తుంది. బండికి అక్కడి పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. ఇంకోమాట కూడా చెప్పాలి. స్నేహితులు వస్తున్నారు కాబట్టి, అక్కడ మందు చవక అని ఎవరో సీసాలు తెద్దామంటారు. పుదుచ్చేరి సరుకు తమిళనాడులోకి తేవడం నేరం, దారిలో చెక్‌పోస్టులు ఉంటాయి, బండి కూడా పట్టుకుంటారు. పండగ పూట పోలీసుల దగ్గర నిలబడే పని పెట్టుకోవద్దని మీరే ముందుగా గట్టిగా చెప్పండి.

ఇప్పుడు ఆ ఖాళీ రోజు సంగతి.

తరంగంబాడి అంటే అలలు పాడే చోటు అంటారు అక్కడివాళ్లు. చిన్న ఊరు. గంటన్నరలో కాలినడకన అంతా తిరిగేయొచ్చు. అందుకే చాలామంది గంటన్నర తిరిగి, "అయిపోయింది" అని బండెక్కుతారు. అది తొందరపడి చూసే ఊరు కాదు. పొద్దున ఆరింటికి ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం ఇంకోలా, దీపాలు పెట్టే వేళ మరోలా.

ఆ ఊరి కోట కథ మనవాళ్లతో మొదలైందని మీ పిల్లలకు చెప్పండి. 1620లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ పంపిన నౌకాదళాధికారి ఓవె గ్యెద్దె ఇక్కడికి వచ్చినప్పుడు తంజావూరును ఏలుతున్నది రఘునాథ నాయకుడు. తెలుగు ప్రభువు, స్వయంగా తెలుగు కవి, చేమకూర వేంకటకవిని పోషించినవాడు. ఆయన ఒప్పుకుని చోటిస్తేనే డేన్సులు, అంటే డెన్మార్క్ వాళ్లు, ఇక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టుకున్నారు. డెన్మార్క్ రాజుకు ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది. సముద్రం ఎదురుగా ఆ కోట ముందు నిలబడి ఈ మాట చెప్తే మా పెద్దబ్బాయి, అప్పుడు తొమ్మిదో తరగతి, ఫోన్ జేబులో పెట్టేసి మొత్తం విన్నాడు.

కోటలో చిన్న మ్యూజియం ఉంది. కింద భాగంలో గోదాములు, సిపాయిల గదులు, పైన గవర్నరు ఉన్న గదులు. వారంలో ఒక రోజు మూస్తారు, మీరున్న రోజుల్లో తెరిచి ఉంటుందో లేదో రిసార్టు వాళ్లనే అడగండి. కోట పైకి ఎక్కడం పెద్దవాళ్లకు అవసరం లేదు, ఎదురుగా మైదానంలో కూర్చుంటే చాలు. ఊరి మొదట్లో 1792 నాటి తెల్లటి నగర ద్వారం, దాని లోపల నుంచి నేరుగా సముద్రం దాకా రాజవీధి. ఆ వీధిలోనే 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి. 1706 జులై 9న ఇక్కడ దిగిన జర్మన్ పాస్టర్ సీగన్‌బాల్గ్ సమాధి అందులోనే ఉంది. ఆయన తమిళం నేర్చుకుని, అచ్చుయంత్రం తెప్పించి, 1715లో బైబిలు కొత్త నిబంధనను తమిళంలో అచ్చువేయించాడు. ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1845లో డేన్సులు ఈ ఊరిని బెంగాల్లోని శ్రీరాంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు. రేవు కళ తప్పింది. కొత్త కట్టడాలు పెద్దగా రాకపోవడం వల్లే పాత వీధులు ఇలా మిగిలాయని నాకనిపిస్తుంది.

మీ నాన్నగారిది కాకినాడ అన్నారు కాబట్టి ఇంకొకటి. 1768లో కోయెనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ తరంగంబాడికే వచ్చాడు. స్వీడన్‌లో మొక్కలకు శాస్త్రీయ పేర్ల పద్ధతి పెట్టిన లినేయస్ దగ్గర చదువుకున్నవాడు. దక్షిణాదిలో మొక్కలన్నీ సేకరిస్తూ తిరిగి తిరిగి, చివరికి 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో ఆయన దగ్గరున్నది సామర్లకోటలో పనిచేస్తున్న డాక్టరు రాక్స్‌బర్గ్. రెండు ఊళ్లకూ ఇలా ఒక చుట్టరికం ఉందని మీ నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు.

ఒడ్డునే మాసిలామణినాథర్ గుడి ఉంది. 1306లో మారవర్మన్ కులశేఖర పాండ్యుడు కట్టించాడు. ముందు భాగాన్ని చాలావరకు సముద్రం తినేసింది. పెద్దవాళ్లు ఒక్క గుడైనా చూడాలంటే ఇదే చూపించండి, బంగళా నుంచి నాలుగడుగులు. ఆ గుడి చూశాక ఆ సముద్రాన్ని తేలిగ్గా తీసుకోకూడదని పిల్లలకు కూడా అర్థమవుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ ఊరి జాలరి కుటుంబాలను దారుణంగా దెబ్బతీసింది. అక్కడ ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఆ ప్రస్తావన మీరుగా తేవద్దు. వాళ్లు చెప్తే వినండి.

ఆ ఒడ్డు చూడడానికేగానీ ఈతకు కాదు. అలలు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. కోట పక్కన వేసిన బండరాళ్లు నాచుతో జారుతాయి. నేను వెళ్లినప్పుడు లైఫ్‌గార్డులు ఎవరూ కనబడలేదు. నలుగురు పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లను పేర్లు పెట్టి కాపలా ఉంచండి. "అందరం చూస్తుంటాం" అంటే ఎవరూ చూడరు. రాత్రిపూట ఒడ్డుకు వెళితే టార్చి ఆర్పి నడవండి. జనవరి నుంచి మార్చి వరకు ఆ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వెలుతురు పడితే వెనక్కి వెళ్లిపోతాయి.

తిండికి ఒక్క మాట. బంగళా వంటవాళ్లకు మీ సంఖ్య, ఎవరు శాకాహారం, ఏ పూట ఏమిటి అన్నది ముందురోజే చెప్పాలి, లేకపోతే పదిహేడు మందికి గంటన్నర ఆలస్యం. ఆవకాయ, కందిపొడి, ఒక సీసా నెయ్యి మీతో ఉంచుకోండి. సాంబారు రెండు పూటలు నచ్చుతుంది, మూడో పూట మన పెద్దవాళ్లు పొడి కోసం వెతుకుతారు.

పూజకు ముందు రోజు ఖాళీగా పెట్టుకుంటే కుదరదు, అప్పుడు అందరి బుర్రలోనూ రేపటి పనులే తిరుగుతుంటాయి. పూజ అయ్యాకే మనుషులు తేలికపడతారు. మా మామగారు షష్టిపూర్తి మర్నాడు పొద్దున ఐదున్నరకే వరండాలోకి వచ్చి కూర్చున్నారు. తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు. ఆయన స్నేహితుడు కాఫీ గ్లాసుతో పక్కన చేరాడు. పదిన్నర దాకా ఇద్దరూ లేవలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే గదిలో వండుకుని తిన్న రోజుల గురించి మాట్లాడుకున్నారు. నా పెళ్లయి పద్నాలుగేళ్లు, ఆ కబుర్లు నేను ఎప్పుడూ వినలేదు. మా ఆయన కూడా వినలేదట. ఆ పూట చిదంబరం ప్రయాణం పెట్టుకుని ఉంటే ఆ మాటలు మాకు దక్కేవి కావు. చిదంబరం యాభై కిలోమీటర్లు. అది ఎక్కడికీ పోదు, వెళ్లేటప్పుడు దారిలోనే పడుతుంది.

మీకు ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. త్రయోదశికి పూజ అంటే, రెండు రోజుల్లో మాఘ పౌర్ణమి. ఆ ఖాళీ రోజు తర్వాత ఇంకొక్క రోజు ఉంటే అదీ దక్కుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజు సముద్రస్నానం చేయాలని ఉంటుంది. చేయించండి. ఎండ ఎక్కకముందు, అలలు వచ్చి పోయే అంచులోనే కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకుని, చెంబుతో పోయండి. లేదంటే ఇరవై కిలోమీటర్లలో పూంపుహార్, కావేరి సముద్రంలో కలిసే చోటు, అక్కడికి తీసుకెళ్లండి. తిరిగి పదింటికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. మధ్యాహ్నం అందరినీ పడుకోనివ్వండి.

సాయంత్రం పొద్దు ఊరి వెనక గుంకుతుంది, దాదాపు అదే వేళకు ఎదురుగా సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. కుర్చీలన్నీ ఐదున్నరకే వరండా తూర్పు వైపుకు వేయించండి. అమ్మగారివి, నాన్నగారివి మధ్యలో. రిటర్న్ టికెట్ మాత్రం పౌర్ణమి మర్నాటికే తీసుకోండి, ఆ రాత్రికి కాదు.